కొయ్య విప్పి చూడకుండా రైఫిల్ కొనవద్దు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

వాడిన రైఫిల్ కొనాలనుకుంటున్న వారు, ఇంట్లో పెద్దల నాటి రైఫిల్ ఉండి దాన్ని ఏం చేయాలో తోచని వారు ఈ నెలలో నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి రాసిన ఉత్తరాలలో నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. మొదటి ఉత్తరంలో అడిగినది అందరికీ పనికివచ్చేది కాబట్టి దానికి ఎక్కువ చోటు కేటాయించాను.

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర కొండ కింది పల్లె. నాకు ఈ మధ్యనే ఆయుధ లైసెన్సు మంజూరైంది. మా ఊరి పెద్దాయన ఒకరు తన .315 రైఫిల్‌ను అమ్మదలచుకున్నారు. పైకి నల్లగా నిగనిగలాడుతోంది. ‘పెట్టెలోంచి బయటికి తీసిందే తక్కువ నాయనా, కొత్తదానితో సమానం’ అంటున్నారు. తుపాకుల గురించి నాకు తెలిసింది బహు తక్కువ. కొనేముందు ఏమేమి చూసుకోవాలో వివరంగా చెప్పగలరు.
– ఒక రైతు, ఉదయగిరి ప్రాంతం

జవాబు: పెద్దాయన మిమ్మల్ని మోసం చేస్తున్నారని నేను అనుకోవడం లేదు. అయితే ‘పెట్టెలోంచి తీసిందే తక్కువ’ అన్న మాట మీకు ధైర్యాన్ని ఇస్తే నాకు మాత్రం అనుమానాన్ని కలిగించింది. పేల్చడం వల్ల అరిగిపోయిన రైఫిళ్లు మన జిల్లాల్లో చాలా అరుదు. ఒకసారి పేల్చి తుడవకుండా పెట్టినవి, తోలు సంచిలోనో కంబళి గుడ్డలోనో చుట్టి ఏళ్ల తరబడి బీరువా మూలన నిలబెట్టినవి, అలా తేమ పట్టి లోలోపల తుప్పు తిన్నవే ఎక్కువ. నెల్లూరులో లైసెన్సు ఉన్న మరమ్మతు అంగడిలో పనిచేసిన కాలంలో నా బల్ల మీదికి వచ్చిన రైఫిళ్లలో అధిక భాగం ఇలాంటివే. తోలు సంచి తుపాకికి అందం తెస్తుందే గాని, తోలును పదును చేసేటప్పుడు వాడే ఉప్పులు, ఆ తోలు పీల్చుకునే తేమ కలిసి ఇనుమును తినేస్తాయి. ఆశ్వయుజ, కార్తీక మాసాల వానలు, తుఫాన్లు, ఏడాది పొడవునా వీచే ఉప్పుగాలి ఉన్న మన ప్రాంతంలో ఈ చేటు మరీ త్వరగా జరుగుతుంది.

ముందుగా ఆ రైఫిల్ ఏ రకమైనదో తెలుసుకుందాం. .315 అనేది పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన స్పోర్టింగ్ రైఫిల్. సైన్యం వాడిన .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ బోల్ట్ (తూటాను గొట్టం వెనుక ఉన్న గదిలోకి తోసి మూసే కడ్డీ) అమరికనే తీసుకుని, సైనిక తూటా పట్టకుండా 8 మిల్లీమీటర్ల తూటాకు దాన్ని మలిచారు. అందువల్ల లీ-ఎన్‌ఫీల్డ్‌కు ఉన్న బలాలూ బలహీనతలూ దీనికీ ఉన్నాయి. బోల్ట్ ముందుకొస విడిగా మరతో బిగించిన ముక్క. బోల్ట్‌ను ముందుకు తోసి మూసేటప్పుడు స్ప్రింగు బిగుసుకుంటుంది. తూటా అడుగున ఉన్న అంచు ఆధారంగానే తూటా గదిలో సరిగ్గా కూర్చుంటుంది. ఈ మూడు సంగతులూ గుర్తు పెట్టుకుంటే కింద చెప్పేది సులువుగా అర్థమవుతుంది.

చూడటం మొదలుపెట్టేముందు రైఫిల్ ఖాళీగా ఉందని అమ్మేవారి మాట మీద కాక మీ కంటితో, మీ వేలితో నిర్ధారించుకోవాలి. మేగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసి పక్కన పెట్టాలి, బోల్ట్‌ను వెనక్కి లాగాలి, తూటా గదిలోకి తొంగి చూసి చిటికెన వేలు పెట్టి తడమాలి. ఇంట్లో తూటాలు ఉంటే వాటిని వేరే గదిలో పెట్టించండి. ఆ తరువాత కూడా గొట్టం మూతిని ఎవరి వైపూ తిప్పవద్దు. చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ, మధ్యలో టీ తాగి వచ్చినా సరే, మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి.

ఇక చూడవలసిన మొదటి భాగం గొట్టం లోపలి వైపు. బోల్ట్‌ను పూర్తిగా బయటికి తీసి, గొట్టం మూతిని ఎండ పడే తెల్లగోడ వైపు పెట్టి, బోల్ట్ ఉండే వైపు నుంచి చూడాలి. లోపల మెలి తిరుగుతూ పోయే గాడులు, వాటి మధ్య గట్లు కనిపిస్తాయి. గట్ల అంచులు పలకకు గీసిన గీతల్లా పదునుగా ఉండాలి. అంచులు కరిగిన సబ్బులా గుండ్రంగా కనిపిస్తే గొట్టం అరిగిందని అర్థం. తూటా గది దాటగానే మొదటి రెండంగుళాలు, చివర మూతి దగ్గర రెండంగుళాలు మరింత శ్రద్ధగా చూడాలి. మందు మంట మొదట తగిలేది అక్కడ, శుభ్రం చేసే తాడు ఒరుసుకునేది ఇక్కడ. ఈ రైఫిళ్లను తాడుకు గుడ్డ కట్టి లాగి శుభ్రం చేసే అలవాటు సైన్యం నుంచి వచ్చింది. తాడును ఒక పక్కకే వాలుగా లాగుతూ పోతే, బావి ఒరకు చేంతాడు గాడి పడినట్టే, ఇరవై ముప్పై ఏళ్లకు మూతి ఒక వైపు అరిగిపోతుంది. అలా అరిగిన రైఫిల్ లోపల ఎంత మెరిసినా గురి మాత్రం నిలవదు.

మూతి అంచును పరీక్షించడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. చెవిలో పెట్టుకునే దూదిపుల్లను అంచు చుట్టూ మెల్లగా తిప్పండి. ఎక్కడైనా దూది పోగు చిక్కుకుంటే అక్కడ నెర్రెగాని, దెబ్బ తగిలి లేచిన ఇనుపరేకగాని ఉందన్నమాట. గుండు గొట్టాన్ని వదిలే ఆఖరి క్షణంలో దాని చుట్టూ గాలి సమానంగా బయటికి రావాలి కాబట్టి, గొట్టం మధ్యలో ఉన్న చిన్న మచ్చకన్నా ఈ అంచు మీద ఉన్న చిన్న దెబ్బ ఎక్కువ హాని చేస్తుంది.

గొట్టం లోపల ఎక్కడైనా నల్లని ఉంగరంలాంటి నీడ అడ్డంగా కనిపిస్తే అక్కడితో ఆగిపోవాలి. గొట్టంలో ఏదో అడ్డం ఉండగా పేల్చినందువల్ల ఇనుము లోపలి నుంచి ఉబ్బితే ఆ ఉంగరం ఏర్పడుతుంది. పల్లెల్లో ఆ అడ్డం తరచుగా కందిరీగ కట్టిన మట్టిగూడే. గోడకు వేలాడదీసిన తుపాకి మూతిలో అది రెండు మూడు రోజుల్లో గూడు కట్టేస్తుంది; చూసుకోకుండా పేల్చినవాడు గొట్టం చీలకపోతే అదృష్టవంతుడు. గొట్టానికి పైన పలుచగా నూనె రాసి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా జారిస్తే ఉబ్బు చేతికి తెలుస్తుంది. ఉబ్బిన గొట్టం ఎంత చవకగా వచ్చినా వద్దు.

రెండవది బోల్ట్. దాని మీద చెక్కిన నంబరూ, రైఫిల్ శరీరం మీద ఉన్న నంబరూ ఒకటే అయి ఉండాలి. ఇది కాగితాల పట్టింపు మాత్రమే కాదు. ప్రతి బోల్ట్‌నూ దాని రైఫిల్‌కు సరిపోయేలా ఫ్యాక్టరీలో కూర్చుతారు. వేరే రైఫిల్ బోల్ట్ తెచ్చి పెడితే అది మూసుకుంటుంది, పేలుతుంది కూడా. కాని తూటా అడుగుకూ బోల్ట్ ముఖానికీ మధ్య ఉండవలసిన సందు తప్పుతుంది. దీన్ని హెడ్‌స్పేస్ అంటారు. ఆ సందు ఎక్కువైతే పేలినప్పుడు ఇత్తడి తొడుగు వెనక్కి సాగి, అడుగుకు కాస్త పైన తెగిపోతుంది. అప్పుడు వేడి గాలి పేల్చేవాడి ముఖం మీదికి రావచ్చు. దీన్ని కంటితో కొలవలేము. గేజ్‌లు (ఈ సందును కొలిచే పరికరాలు) ఉన్న లైసెన్సుదారు మరమ్మతుదారుకు చూపించి, ఆ ఖర్చు మీరే భరించండి. అమ్మేవారు ఇటీవల షూటింగ్ రేంజ్‌లో పేల్చిన తూటా తొడుగు ఏదైనా ఉంటే అడిగి చూడండి. అడుగుకు కాస్త పైన చుట్టూ తళతళలాడే సన్నని గీత ఉంటే, సందు ఎక్కువైందని ఆ తొడుగే చెబుతుంది.

బోల్ట్‌కు ఒక పక్క చిన్న బుడిపె, మరో పక్క పొడవాటి గట్టు ఉంటాయి. పేలుడు బలాన్ని మోసేవి ఆ రెండే. రెండింటి వెనుక అంచుల మీదా అరుగుదల సమానంగా ఉండాలి. ఒకటి అద్దంలా మెరిసి మరొకదాని మీద ఫ్యాక్టరీలో వేసిన నలుపు పూత ఇంకా నిలిచి ఉంటే బరువంతా ఒకదాని మీదే పడుతోందన్నమాట. ముందుకొస ముక్కను మర తిప్పి పూర్తిగా బిగించినప్పుడు అది పొడవాటి గట్టుతో వరుస కలిసేచోట ఆగాలి. దాన్ని దాటి బాగా ముందుకు తిరిగిపోతే మర అరిగింది.

ట్రిగ్గర్ సంగతి. ఖాళీ రైఫిల్‌ను మూతి నేల వైపు ఉంచి, బోల్ట్ మూసి, సేఫ్టీ (ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే మీట) వేసి, ట్రిగ్గర్‌ను గట్టిగా నొక్కి వదలండి. ఆ తరువాత ట్రిగ్గర్ ముట్టుకోకుండా సేఫ్టీ తీయండి. అప్పుడు లోపలి సూది ‘టక్’ మని పడిందంటే సేఫ్టీ పనిచేయడం లేదు. మళ్లీ బోల్ట్ మూసి, బట్‌ను (భుజానికి ఆనించే కొయ్య చివరను) రబ్బరు చాప మీద జానెడు ఎత్తు నుంచి రెండు మూడు సార్లు తట్టండి. తట్టినప్పుడు పడకూడదు. కొందరు ట్రిగ్గర్ తేలికగా ఉండాలని లోపలి కొక్కేన్ని ఆకురాయితో రుద్దిస్తారు. గురి బాగుంటుందని వారి నమ్మకం. అలా రుద్దిన రైఫిల్ జీపులోనో, రాళ్ల మీద కాలు జారినప్పుడో దానంతట అదే పేలుతుంది. ఈ ఒక్క పరీక్షలో తప్పినా కొనవద్దు. ‘నేను జాగ్రత్తగా పట్టుకుంటాను’ అనుకోవద్దు.

ఇక నేను ఎవరు అడిగినా మరీ మరీ చెప్పే విషయం, గొట్టాన్ని పట్టి ఉంచే కొయ్య కింద చూడటం. నా యవ్వనంలో నేనే ఒక రైఫిల్ విషయంలో మోసపోయాను. కావలి వైపు ఒకరి దగ్గర, గొట్టం లోపల శుభ్రంగా, పైన కొత్తగా నలుపు వేయించిన రైఫిల్ ఒకటి చూసి, మా బంధువు ఒకరికి ‘తీసుకో అన్నా, బాగుంది’ అని నేనే చెప్పాను. ఆయన కొన్నారు. వానాకాలం పోయాక నూనె వేద్దామని ముందువైపు కొయ్య విప్పితే, కొయ్యకూ ఇనుముకూ మధ్య ఇటుకపొడి రంగు తుప్పు రాలింది. దాన్ని గీకితే గొట్టం అడుగున బియ్యపు గింజ పట్టేంత లోతున గుంటలు వరసగా కనిపించాయి. పైకి కనిపించేంత మేర రుద్ది నలుపు వేయించారు, కొయ్య కింద ఉన్న భాగాన్ని ముట్టుకోలేదు. నేను ఇచ్చిన మాట మీద ఆయన పోగొట్టుకున్న డబ్బు ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది. అందుకే అడుగుతున్నాను: అమ్మేవారి సమక్షంలో, తెలిసిన మరమ్మతుదారు చేత ముందువైపు కొయ్య విప్పించి చూడండి. ‘విప్పితే మళ్లీ కుదరదు’ అని ఎవరైనా అడ్డు చెబితే ఆ బేరాన్ని అక్కడే వదిలేయండి.

కొత్తగా నలుపు వేయించిన రైఫిల్‌ను గుర్తుపట్టడం కష్టం కాదు. చెక్కిన అక్షరాలు, అంకెలు లోతు తగ్గి మసకబారి ఉంటాయి. పలకలుగా ఉండవలసిన అంచులు గుండ్రంగా మారి ఉంటాయి. మరల చుట్టూ ఇనుము పళ్లెంలా లోపలికి దిగి ఉంటుంది. మరల తలలు నలిగి ఉంటే తగిన స్క్రూడ్రైవర్ లేని వారెవరో విప్పారని తెలుసుకోవాలి. నలుపు వేయించడమే తప్పని నేను అనను. అయితే దాని కింద ఏమి దాచారో తెలియకుండా దానికి అదనంగా డబ్బు ఇవ్వవద్దు. అరిగిన పాత నలుపు ఉన్నచోట ఉన్నట్టుగా నిలిచిన రైఫిల్ నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

కొయ్య విషయానికి వస్తే, చెయ్యి పట్టుకునే సన్నని మెడ దగ్గరా, ఇనుప శరీరం వెనక్కి తన్నే చోటా చీలికలు వస్తాయి. కొయ్యను వేళ్లతో కొద్దిగా మెలిపెట్టి చూస్తే, మూసుకుని ఉన్న నెర్రె నోరు తెరుస్తుంది. నూనె ఎక్కువై నల్లగా, మెత్తగా మారిన కొయ్యకు గోరు గుచ్చితే దిగుతుంది. అలాంటి కొయ్య తన్నుకు ఆగదు. ఇవి మార్చుకోగల లోపాలే కనుక ధర తగ్గించి అడగవచ్చు.

చివరగా కాగితాలు. పెద్దాయన లైసెన్సులో రాసిన నంబరు, రైఫిల్ మీది నంబరు, మొదట కొన్నప్పటి రశీదు మూడూ కలవాలి. నంబరు ఒరిపిడి పెట్టి చెరిపినా, తయారీదారు ముద్ర లేకపోయినా అలాంటి ఆయుధాన్ని అమ్మడం 1959 నాటి ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద నేరం. అదే చట్టం 5వ సెక్షన్ ప్రకారం, అమ్మే వ్యక్తి తాను ఎవరికి అమ్మదలచుకున్నదీ జిల్లా మేజిస్ట్రేట్‌కు గాని, దగ్గరి పోలీసు స్టేషన్ అధికారికి గాని రాతపూర్వకంగా తెలియజేసి, ఆ తరువాత 45 రోజులు గడిచాకే రైఫిల్‌ను చేతికివ్వాలి. ఈ 45 రోజులను చాలామంది అడ్డంకిగా భావిస్తారు గాని, కొనేవారికి అంతకు మించిన వరం లేదు. నోటీసు ఇచ్చిన తరువాత ఆ గడువులోనే మరమ్మతుదారుకు చూపించండి, గేజ్ పెట్టించండి, అనుమతి ఉన్న షూటింగ్ రేంజ్‌లో లైసెన్సుదారైన అమ్మేవారి చేతనే నాలుగైదు తూటాలు పేల్పించి చూడండి. పూర్తి సొమ్ము ముందే ఇవ్వవద్దు.

ప్రశ్న: నేను చూసిన రైఫిల్ గొట్టంలో నల్లటి చుక్కలు కనిపిస్తున్నాయి. అది మందు మసి మాత్రమేనని, తుడిస్తే పోతుందని అమ్మేవారు అంటున్నారు. మసి ఏదో తుప్పు గుంట ఏదో తెలుసుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, కనిగిరి

జవాబు: తుడిచి చూపించమని వారినే అడగండి. అదే సరైన పరీక్ష. గొట్టం లోపలికి శుభ్రం చేసే ద్రావణం పోసి, ఇత్తడి తీగల బ్రష్‌ను బోల్ట్ వైపు నుంచి పదిసార్లు నడిపి, పావుగంట నానబెట్టాలి. ఆ తరువాత తెల్లని నూలు గుడ్డ ముక్కలను ఒకటి తరువాత ఒకటిగా తోయించి, ప్రతి ముక్కనూ వరసగా పాత పేపరు మీద పరచండి. నల్లగా వస్తే మందు మసి. నీలం కలిసిన పచ్చరంగు వస్తే గుండు పైతొడుగు నుంచి అంటుకున్న రాగి. ఈ రెండూ పోయేవే. ఎర్రమట్టి రంగు వస్తే అది తుప్పు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి మళ్లీ చూసినప్పుడు చుక్కలు అక్కడే ఉంటే అవి గుంటలు.

ఆ రాత్రి గొట్టంలో నూనె వేయకుండా ఉంచమని చెప్పి, మరునాడు ఉదయం ఇంకొక గుడ్డ ముక్క తోయించండి. మళ్లీ ఎరుపు అంటితే తుప్పు ఇంకా తింటూనే ఉంది. ఎక్కువగా దీనికి కారణం పాతకాలపు తూటాలు. వాటి అడుగున ఉండే పేలుడు మూతలో పొటాషియం క్లోరేట్ వాడేవారు. అది కాలినప్పుడు మిగిలేది మన వంట ఉప్పుకు దగ్గరి బంధువైన ఒక ఉప్పు. గాలిలోని తేమను అది పీల్చుకుంటుంది. నూనె గుడ్డతో తుడిస్తే ఉప్పు కరగదు. వేడినీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, ఆ తరువాత నూనె రాయాలి. ఈ సంగతి తెలియక, ‘ప్రతిసారీ నూనె వేశానండీ’ అని బాధపడే వారిని ఎందరినో చూశాను.

గుంటలు ఉన్నంత మాత్రాన రైఫిల్ పనికిరాదని తేల్చవద్దు. గొట్టం నడుమ భాగంలో అక్కడక్కడ లోతులేని గుంటలుంటే మసి త్వరగా పడుతుంది, తుడిచే పని పెరుగుతుంది; గురి మాత్రం చాలావరకు నిలుస్తుంది. అవే తూటా గది లోపల ఉంటే సంగతి వేరు. పేలినప్పుడు ఇత్తడి తొడుగు వ్యాకోచించి ఆ గుంటల్లోకి దిగి, బోల్ట్ లాగినా రాకుండా పట్టుకుంటుంది. కాబట్టి ఎన్ని చుక్కలు ఉన్నాయన్న లెక్కకన్నా అవి ఎక్కడ ఉన్నాయన్నదే చూడండి.

ప్రశ్న: మా నాన్నగారి పేరున ఉన్న రైఫిల్ ఎన్నికల సమయంలో స్టేషన్‌లో డిపాజిట్ చేసి ఉండగానే ఆయన కాలం చేశారు. ఇప్పుడు చూస్తే బోల్ట్ కదలడం లేదు. మాది సముద్రానికి మూడు కిలోమీటర్ల దూరంలోని ఊరు. దీన్ని బాగుచేయించి నా పేరున పెట్టుకోవచ్చా, అమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, అల్లూరు ప్రాంతం

జవాబు: అమ్మా, మీ నాన్నగారి లోటు తీరనిది. రైఫిల్ మాట తరువాత. ముందు లైసెన్సు సంగతి చూసుకోండి. లైసెన్సు నాన్నగారి పేరున ఉంది కనుక ఆయనతోనే అది ముగిసింది. వారసురాలిగా మీరు సొంతంగా లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది వచ్చేదాకా రైఫిల్‌ను ఇంటికి తెచ్చుకోకుండా స్టేషన్‌లోగాని, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరగాని ఉంచి, రశీదు జాగ్రత్త చేయండి. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తరువాత ఒకరి లైసెన్సు మీద రెండు ఆయుధాలకు మించి ఉండరాదు. మీ పేరున ఇప్పటికే రెండు ఉంటే ఇది పట్టదు. ఉంచుకునే ఉద్దేశం లేకపోతే, డీలరు ద్వారానో, తగిన లైసెన్సు ఉన్నవారికో అమ్మడానికి అనుమతి కోరవచ్చు.

బోల్ట్ కదలకపోతే సుత్తితో కొట్టవద్దు, కొట్టనివ్వవద్దు. లోపల తూటా చిక్కుకుని ఉండే అవకాశాన్ని ఎవరూ కొట్టిపారేయలేరు. మూతి ఎవరి వైపూ లేకుండా ఉంచి, స్టేషన్ వారికి ఆ మాట చెప్పి, మరమ్మతుదారును అక్కడికే పిలిపించమని కోరండి. తుప్పు సడలించే నూనె వేసి రెండు రోజులు వదిలితే చాలా బోల్ట్‌లు కదులుతాయి. సముద్రపు గాలి తగిలేచోట రైఫిల్‌ను ఉత్త బట్టలో చుట్టి ఇవ్వడం వల్లనే ఇలా జరుగుతుంది. ఈసారి డిపాజిట్ చేయవలసి వస్తే, గొట్టం లోపలా బయటా చిక్కని గ్రీజు పూసి, గ్రీజు పూసినట్టు ఒక చీటీ మీద రాసి ట్రిగ్గర్‌కు కట్టండి. తిరిగి తీసుకున్నాక గొట్టంలోని గ్రీజు తుడవకుండా పేల్చకూడదు కాబట్టి ఆ చీటీ అవసరం.

ప్రశ్న: కొండ మీద నుంచి అడవిపందులు దిగి సజ్జచేను, వేరుశనగ పాడుచేస్తున్నాయి. వాటి కోసం పాత వేట రైఫిల్ ఒకటి కొనాలనుకుంటున్నాను. దానితోపాటు ఇరవై పాత తూటాలు కూడా ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక రైతు, సీతారామపురం

జవాబు: వేట రైఫిల్ అన్నది పేరు మాత్రమే, అది చేతికి వచ్చినంతనే వేటాడే హక్కు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నిషిద్ధం. పంటకు నష్టం కలిగిస్తున్న జంతువును చంపడానికి 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌గాని, వారు అధికారమిచ్చిన అధికారిగాని రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. పంట రక్షణ కోసం ఆయుధాల చట్టం మాట్లాడేది కూడా మందు కూరే తుపాకి గురించి. రైఫిల్ గురించి కాదు. రైఫిల్ గుండు రెండు మూడు కిలోమీటర్లు పోగలదు. రాత్రి చేలో గురి తప్పిన గుండు పక్క ఊరి మంచె మీద పడుకున్నవాడికి తగలవచ్చు. కరెంటు తీగలు, నాటు బాంబులు అంతకన్నా ప్రమాదం. వాటివల్ల రైతులే చనిపోతున్నారు. మీ సమస్య నిజమైనదని నాకు తెలుసు, రాత్రంతా డబ్బా కొడుతూ మేలుకున్నవారి అలసట నేను కళ్లారా చూశాను. అయినా ఈ పనికి మీరు డబ్బు పెట్టవలసింది పాత రైఫిల్ మీద కాదు, సన్నగా విడివిడిగా షాక్ ఇచ్చే సోలార్ కంచె మీద. అటవీ రేంజ్ కార్యాలయంలో పంట నష్టపరిహారానికీ, అనుమతికీ కలిపి అర్జీ పెట్టండి.

తూటాల మాటకు వస్తే, వాటిని తీసుకోవద్దు. తూటాలు కూడా లైసెన్సులో రాసిన లెక్క ప్రకారమే చేతులు మారాలి. ‘రైఫిల్‌తోపాటు ఊరికే ఇస్తున్నాం’ అన్నది చెల్లదు. పాత తూటా మెడ దగ్గర ఇత్తడి సన్నగా చిట్లి ఉండవచ్చు, అడుగున పచ్చటి చిలుము పట్టి ఉండవచ్చు. వాటిలో కొన్ని నొక్కిన వెంటనే పేలక కొన్ని క్షణాల తరువాత పేలుతాయి. పేలలేదని తొందరపడి బోల్ట్ తెరిచిన వారికి చేతులు కాలాయి. వాటిని విప్పడం, పారవేయడం, బావిలో వేయడం చేయకుండా, లైసెన్సుదారు చేతనే పోలీసు స్టేషన్‌లో అప్పగించి రశీదు తీసుకోమని చెప్పండి.